నవంబర్ 3 నుంచి వెనక్కి లెక్కపెట్టడం: టెక్సస్ కౌంటీ ఎన్నికల్లో ఓటరుకూ అభ్యర్థికీ ఉన్న గడువులు

ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో పెరిగినవారికి ఎన్నికల తేదీ అంటే ఎన్నికల సంఘం విలేకరుల సమావేశం పెట్టి ప్రకటించేది. షెడ్యూలు వస్తుంది, నోటిఫికేషన్ వెలువడుతుంది, ఏడో రోజుకు నామినేషన్లు ముగుస్తాయి, నెల తిరిగేసరికి పోలింగు అయిపోతుంది. అమెరికాలో ఎవరూ తేదీ ప్రకటించరు, ఎందుకంటే ప్రకటించవలసిన అవసరమే లేదు. నవంబర్‌లో మొదటి సోమవారం తర్వాత వచ్చే మంగళవారం సార్వత్రిక ఎన్నిక అని చట్టంలోనే ఉంది. మిగిలిన గడువులన్నీ ఆ మంగళవారం నుంచి వెనక్కి లెక్కపెడితే తేలేవే. ఫలానా రోజు వచ్చిందని గుర్తుచేసేవారు ఉండరు కాబట్టి, కొత్తగా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లలో చాలామంది ఓటు పోగొట్టుకునేది పోలింగు రోజున కాదు, దానికి నెల ముందు.

ఈ వ్యాసంలో టెక్సస్‌లోని కాలిన్ కౌంటీని (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఉదాహరణగా తీసుకుంటున్నాను. ప్లేనో, ఫ్రిస్కో, అలెన్, మెకిన్నీ నగరాల్లో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉండడం ఒక కారణమైతే, ఓటరు నమోదు విషయంలో టెక్సస్ నియమాలు చాలా రాష్ట్రాలకంటే కఠినంగా ఉండడం రెండో కారణం. ఇక్కడి తేదీలన్నీ 2026 నవంబర్ 3న జరిగే సార్వత్రిక ఎన్నికకు సంబంధించినవి. మీరు న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో ఉంటే తేదీలు మారతాయి గానీ, లెక్కపెట్టే పద్ధతి ఇదే.

ప్రతి గడువు దగ్గరా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఏ రోజు, ఏ గంటకు ముగుస్తుంది? కాగితం ఏ కార్యాలయానికి చేరాలి? ఆ రోజుకు పంపితే చాలా, లేక వారి చేతికి అందాలా? మూడో ప్రశ్నను మరిచిపోవడం వల్ల జరిగే నష్టమే అన్నిటికన్నా ఎక్కువ, ఎందుకంటే ఒకే ఎన్నికలో ఒక గడువుకు పోస్టు ముద్ర సరిపోతే ఇంకో గడువుకు సరిపోదు.

మొదటి మెట్టు: మీకు ఓటు హక్కు ఉందా

కౌంటీ స్థాయి ఎన్నికైనా సరే, టెక్సస్‌లో ఓటు వేయాలంటే అమెరికా పౌరులై ఉండాలి. గ్రీన్‌కార్డు ఉంటే చాలదు. హెచ్‌-1బీ, ఎల్‌-1, ఎఫ్‌-1 వీసాలమీద ఉన్నవారి సంగతి చెప్పనక్కరలేదు. ఇరవై ఏళ్లుగా ఇక్కడే పన్నులు కడుతున్నామన్న వాదన ఈ విషయంలో పనికిరాదు.

ఇది తెలిసిన సంగతేనని దాటవేయకుండా ఒక హెచ్చరిక చెప్పాలి. డ్రైవింగ్ లైసెన్స్ తీసుకోవడానికో పొడిగించుకోవడానికో డీపీఎస్ (రాష్ట్ర ప్రజా భద్రతా శాఖ) కార్యాలయానికి వెళ్లినప్పుడు, దరఖాస్తులో మీరు పౌరులా అని, ఓటరుగా నమోదు కావాలనుకుంటున్నారా అని ప్రశ్నలు ఉంటాయి. వరసగా అవును, అవును అని టిక్కులు పెట్టుకుంటూ పోయే అలవాటు మనకు ఉంది. పౌరులు కానివారు అక్కడ అవునని పెడితే, అది పౌరసత్వం గురించి తప్పుడు ప్రకటన చేయడమవుతుంది. గ్రీన్‌కార్డు ఉన్నవారికి కూడా దానివల్ల ఆ తర్వాత పౌరసత్వం రాకపోవచ్చు, దేశం విడిచి వెళ్లవలసిన పరిస్థితి సైతం ఏర్పడవచ్చు. పొరపాటున పెట్టాననే సమాధానాన్ని అధికారులు అంత సులభంగా ఒప్పుకోరు. ఆ కాగితాన్ని తీరికగా చదివి, కాదన్నచోట కాదనే పెట్టండి.

వయసు పోలింగు రోజుకు 18 నిండాలి. నమోదు మాత్రం 17 ఏళ్ల 10 నెలలు నిండినప్పటినుంచి చేసుకోవచ్చు. కాబట్టి 2008 నవంబర్ 3న గానీ అంతకుముందు గానీ పుట్టిన మీ పిల్లలు హైస్కూల్లో ఉండగానే దరఖాస్తు పంపవచ్చు. టెక్సస్ హైస్కూళ్లలో ఈ దరఖాస్తులు దొరుకుతాయి.

రెండో మెట్టు: అక్టోబర్ 5 లోపు నమోదు

టెక్సస్‌లో ఓటరుగా నమోదు కావడానికి గడువు పోలింగుకు ముందు 30వ రోజు. నవంబర్ 3 నుంచి వెనక్కి లెక్కపెడితే అది అక్టోబర్ 4, ఆదివారం. సెలవు రోజు కాబట్టి గడువు మరుసటి పనిదినానికి, అంటే అక్టోబర్ 5, సోమవారానికి జరుగుతుంది. కొన్ని రాష్ట్రాల్లో పోలింగు రోజున కేంద్రానికే వెళ్లి నమోదు చేసుకుని అప్పటికప్పుడు ఓటు వేయవచ్చు. టెక్సస్‌లో ఆ వెసులుబాటు లేదు. అక్టోబర్ 6న పౌరసత్వ ప్రమాణం చేసినవారికి సైతం మినహాయింపు లేదు. నవంబర్‌లో వారు చూస్తూ ఉండవలసిందే.

ఈ రాష్ట్రంలో కొత్తవారు ఆన్‌లైన్లో నమోదు పూర్తిచేసే వీలు లేదు. రాష్ట్రంలో ఎన్నికల వ్యవహారాలు చూసే అధికారి అయిన సెక్రటరీ ఆఫ్ స్టేట్ వెబ్‌సైట్లో దరఖాస్తు నింపవచ్చు, కానీ చివర్లో అది మిమ్మల్ని ప్రింటు తీసుకుని, సంతకం చేసి, కౌంటీకి పోస్టు చేయమంటుంది. వివరాలన్నీ టైపు చేసి, బటన్ నొక్కి, పని అయిపోయిందనుకుని కంప్యూటరు మూసేసినవారు నాకు తెలిసే ముగ్గురు నలుగురు ఉన్నారు. వీరందరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే కావడం విశేషం. ఇంకో దారి డీపీఎస్. డ్రైవింగ్ లైసెన్స్‌ను ఆన్‌లైన్లో పొడిగించుకునేటప్పుడో చిరునామా మార్చుకునేటప్పుడో ఓటరు నమోదుకు ఒప్పుకుంటే, ఆ వివరాలు నేరుగా వెళతాయి.

ఈ గడువు విషయంలో పోస్టు ముద్ర చాలు. అక్టోబర్ 5 నాటి ముద్ర ఉంటే కాగితం రెండు రోజుల తర్వాత చేరినా చెల్లుతుంది. అయితే డబ్బాలో కవరు వేసిన రోజే దానిమీద ముద్ర పడాలని ఎక్కడా లేదు. సాయంత్రం ఆరింటికి వీధి చివరి డబ్బాలో పడేసిన ఉత్తరాన్ని మరునాడు తీసుకెళితే ముద్ర మరునాటిదే అవుతుంది. చివరి రోజుల్లో పంపుతుంటే పోస్టాఫీసు కౌంటరు దగ్గరికే వెళ్లి, మీ కళ్లెదుట ముద్ర వేయమని అడగండి. దానికన్నా మంచిది, మెకిన్నీలో ఉన్న కౌంటీ ఎన్నికల కార్యాలయంలో స్వయంగా ఇచ్చి రావడం. గుళ్లలో, పండుగ సంబరాల్లో బల్ల వేసుకుని కూర్చునే వలంటీర్ డిప్యూటీ రిజిస్ట్రార్లకు ఇచ్చినా, ఇచ్చిన రోజే దాఖలైనట్టు లెక్క. వారు ఇచ్చే రసీదును జాగ్రత్త చేసుకోవాలి. ఏ కౌంటీ తరఫున వచ్చారో కూడా అడగాలి, ఎందుకంటే ఒక కౌంటీ నియమించిన వలంటీరు ఇంకో కౌంటీవారి దరఖాస్తును తీసుకోకూడదు.

ఈ కౌంటీ సంగతి ఫ్రిస్కోవారికి మరీ ముఖ్యం. ఊరు ఒకటే అయినా అందులో కొంత భాగం కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. పిల్లల బడికోసం ఫ్రిస్కోలోనే ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి మారినవారు, ఊరు మారలేదు కదా అనుకుంటారు. కానీ కౌంటీ మారితే పాత నమోదు అక్కరకు రాదు, కొత్త కౌంటీకి కొత్త దరఖాస్తు పంపాలి, అదీ అక్టోబర్ 5 లోపే. గడువు దాటాక గుర్తొస్తే మిగిలే దారి ఒక్కటే: ఎర్లీ ఓటింగ్ (పోలింగు రోజుకు ముందే కేంద్రానికి వెళ్లి ఓటు వేయడం) రోజుల్లో కొత్త కౌంటీ ప్రధాన కేంద్రానికి వెళ్లి పరిమిత బ్యాలెట్ అడగడం. అందులో రెండు కౌంటీలకూ ఉమ్మడిగా ఉన్న పదవులు మాత్రమే ఉంటాయి. గవర్నరుకు ఓటు వేయగలరు గానీ, కౌంటీ పదవులకు వేయలేరు. పోలింగు రోజున అదీ ఇవ్వరు. ఒకే కౌంటీలో ఇల్లు మారితే మాత్రం చిరునామాను ఆన్‌లైన్లో సరిచేసుకుంటే చాలు.

మూడో మెట్టు: కార్డు చేతికి వచ్చాక

నమోదు పూర్తయితే చిన్న ఓటరు కార్డు ఇంటికి వస్తుంది. ఇది రెండేళ్లకోసారి, సరిసంఖ్య సంవత్సరం జనవరి 1 నుంచి తర్వాతి సంవత్సరం డిసెంబర్ 31 వరకు చెల్లేలా, అందరికీ కొత్తగా పంపుతారు. మనవాళ్లు దాన్ని ప్రకటనల కాగితాలతోపాటు చెత్తబుట్టలో వేయడం మామూలే. వేయకండి. ఆ కార్డుమీద మీ ప్రెసింక్టు (కౌంటీలో మీ ఇల్లు ఉన్న ఎన్నికల విభాగం) సంఖ్య, కమిషనర్ ప్రెసింక్టు, చిన్న కేసులు చూసే జస్టిస్ ఆఫ్ ద పీస్ ప్రెసింక్టు, కాంగ్రెస్ జిల్లా అన్నీ అంకెల్లో ఉంటాయి. కౌంటీ కమిషనర్ పదవికి మీ ఓటు ఉందో లేదో ఆ అంకెలే చెబుతాయి. పోటీ చేయాలనుకునేవారికి కూడా మొదటి ఆధారం అదే.

మీరు ఇల్లు మారి, కార్డు తిరుగుటపాలో కౌంటీకి వెనక్కి వెళితే, మీ పేరును సస్పెన్స్ జాబితాలో పెడతారు. ఓటు పోయినట్టు కాదు. పోలింగు కేంద్రంలో నివాస ప్రకటన నింపి సంతకం చేస్తే ఓటు వేయనిస్తారు. కానీ వరసలో నిలబడి ఆ తతంగం పడేకన్నా, సెప్టెంబర్‌లోనే ఒకసారి సెక్రటరీ ఆఫ్ స్టేట్ వెబ్‌సైట్లో పేరు, పుట్టిన తేదీ, కౌంటీ ఇచ్చి చూసుకోవడం మేలు.

అలా చూసుకునేటప్పుడే పేరు అక్షరాలను గమనించండి. ఇంటిపేరు ముందూ సొంతపేరు వెనకా ఉండే మన పద్ధతి ఈ దేశపు కాగితాల్లో రకరకాలుగా తిరగబడుతుంది. పాస్‌పోర్టులో ఒక వరస, డ్రైవింగ్ లైసెన్స్‌లో ఇంకో వరస, ఓటరు జాబితాలో మధ్య పేరు విరిగిపోయి ఒక్క అక్షరంగా మిగలడం ఉంటాయి. రెండు పేర్లూ దాదాపు ఒకటేనని పోలింగు అధికారి భావిస్తే, ఆ వ్యక్తిని నేనేనని చిన్న ప్రకటనమీద పొట్టి సంతకం చేయించుకుని ఓటు ఇస్తారు. పూర్తిగా వేరుగా ఉంటే తాత్కాలిక ఓటు (అర్హత తేలాకే లెక్కలోకి తీసుకునేది) దాకా వెళుతుంది. నెల ముందే దిద్దించుకుంటే ఆ చిక్కు ఉండదు.

నాలుగో మెట్టు: ఎప్పుడు, ఎలా ఓటు వేయాలి

మీకు మూడు దారులు ఉన్నాయి: ఎర్లీ ఓటింగ్, పోలింగు రోజు, పోస్టల్ బ్యాలెట్.

ఎర్లీ ఓటింగ్ పోలింగుకు ముందు 17వ రోజున మొదలవుతుంది. ఈసారి అది శనివారం కావడంతో అక్టోబర్ 19, సోమవారానికి జరిగింది. ముగిసేది అక్టోబర్ 30, శుక్రవారం. ఈ రెండు వారాల్లో కౌంటీలోని ఏ ఎర్లీ ఓటింగ్ కేంద్రానికైనా వెళ్లవచ్చు. ఆ తర్వాత వచ్చే శని, ఆది, సోమవారాల్లో, అంటే అక్టోబర్ 31 నుంచి నవంబర్ 2 వరకు, ఓటింగ్ ఉండదు. నవంబర్ 3న ఉదయం 7 నుంచి సాయంత్రం 7 వరకు పోలింగు. ఏడు కొట్టేసరికి వరసలో ఉన్నవారందరికీ ఓటు ఇచ్చి తీరాలి. ఎనిమిది దాటినా సరే, వరసనుంచి బయటికి రాకండి. నా సలహా అడిగితే, ఎర్లీ ఓటింగ్ మొదటి వారంలో మంగళవారమో బుధవారమో మధ్యాహ్నం వెళ్లడం ఉత్తమం. ఏదైనా కాగితం సరిపోకపోతే ఇంటికి వెళ్లి తెచ్చుకోవడానికి ఇంకా పది రోజులు మిగులుతాయి. పోలింగు రోజు సాయంత్రం ఆరున్నరకు ఆ అవకాశం ఉండదు.

కేంద్రానికి ఫొటో ఉన్న గుర్తింపు పత్రం తీసుకెళ్లాలి. టెక్సస్ డ్రైవింగ్ లైసెన్స్, డీపీఎస్ ఇచ్చే ఇతర గుర్తింపు కార్డులు, అమెరికా పాస్‌పోర్టు, సైనిక గుర్తింపు కార్డు, ఫొటో ఉన్న పౌరసత్వ ధ్రువపత్రం వంటివి చెల్లుతాయి. 18 నుంచి 69 ఏళ్లవారికి కాలం తీరి నాలుగేళ్లు మించని పత్రం సరిపోతుంది. 70 నిండినవారికి ఎప్పుడు కాలం తీరినదైనా పరవాలేదు. వేరే రాష్ట్రపు డ్రైవింగ్ లైసెన్స్, ఓసీఐ కార్డు, కంపెనీ బ్యాడ్జి పనికిరావు. పత్రంమీద పాత చిరునామా ఉన్నా ఇబ్బంది లేదు. ఇంట్లో మరిచిపోయి వస్తే తాత్కాలిక ఓటు వేసి, పోలింగు తర్వాత ఆరో రోజులోపు, అంటే నవంబర్ 9 లోపు, కౌంటీ కార్యాలయానికి పత్రం చూపించి రావాలి. అలా వెళ్లకపోతే ఆ ఓటు లెక్కలోకి రాదు.

ఫోను తీయకూడదు. ఓటు వేసే చోటికి వంద అడుగుల లోపల ఫోను వాడడం నిషేధం. ఎవరికి వేయాలో ఫోనులో రాసుకుని వెళ్లినవారు అక్కడ దిక్కులు చూస్తారు. కాగితంమీద రాసుకుని వెళ్లవచ్చు, వెళ్లాలి కూడా. 2020 నవంబర్ ఎన్నికనుంచి టెక్సస్‌లో పార్టీ గుర్తు ఒక్కటి నొక్కితే అందరికీ ఓటు పడే సౌకర్యం తీసేశారు. సెనేటరు, గవర్నరు దగ్గర మొదలై న్యాయమూర్తుల పొడవాటి జాబితా దాటితే గానీ కౌంటీ జడ్జి, కమిషనర్, కౌంటీ క్లర్క్ పదవులు రావు. ఆ చివరిదాకా ఓపికగా వెళ్లేవారు తక్కువ. మీ ఇంటి పన్నులో కౌంటీ వాటాను తేల్చేది మాత్రం ఆ చివర ఉన్నవారే.

పౌరసత్వం తీసుకున్న పెద్దవారికి ఇంగ్లీషు చదవడం రాకపోతే, తమకు నచ్చిన మనిషిని సాయానికి తీసుకెళ్లే హక్కు ఫెడరల్ చట్టమే ఇచ్చింది. కొడుకైనా, కోడలైనా, పక్కింటివారైనా ఫరవాలేదు. పనిచేసే చోటి యజమాని, యూనియన్ ప్రతినిధి మాత్రం కాకూడదు. సాయం వచ్చినవారు అక్కడ ఒక పత్రం నింపి ప్రమాణం చేయాలి. బ్యాలెట్‌ను తెలుగులో చదివి వినిపించవచ్చు, ఎవరికి వేయమని వారు చెబితే అక్కడ గుర్తు పెట్టవచ్చు. ఎవరికి వేయాలో చెప్పకూడదు.

అయిదో మెట్టు: పోస్టల్ బ్యాలెట్, ఇండియా ప్రయాణం

తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే కాబట్టి కొంచెం నెమ్మదిగా చెబుతాను. టెక్సస్‌లో కోరినవారందరికీ పోస్టల్ బ్యాలెట్ ఇవ్వరు. 65 ఏళ్లు నిండినవారు, అనారోగ్యం లేదా వైకల్యం ఉన్నవారు, పోలింగుకు మూడు వారాలు అటూఇటూ కాన్పు ఉన్నవారు, ఎర్లీ ఓటింగ్ రోజులూ పోలింగు రోజూ అన్నీ కౌంటీలో లేనివారు మాత్రమే అడగాలి. వీరితోపాటు, ఓటు హక్కు ఉండి జైల్లో ఉన్నవారికీ వీలుంది. దసరాకు హైదరాబాద్ వెళ్లి అక్టోబర్ 27న తిరిగి వస్తున్నవారు చివరి కారణం కిందికి రారు, ఎందుకంటే ఎర్లీ ఓటింగ్‌లో ఇంకా మూడు రోజులు మిగిలే ఉంటాయి. అక్టోబర్ 19కి ముందే బయలుదేరి నవంబర్ 3 తర్వాత వచ్చేవారు వస్తారు.

దరఖాస్తు ఆ సంవత్సరం జనవరి 1 నుంచి పంపవచ్చు. గడువు పోలింగుకు ముందు 11వ రోజు, అంటే అక్టోబర్ 23, శుక్రవారం. ఓటరు నమోదుకు పోస్టు ముద్ర చాలన్నాను గదా, ఇక్కడ చాలదు. అక్టోబర్ 23కల్లా దరఖాస్తు కౌంటీ కార్యాలయంలో ఉండాలి. 22న ముద్ర పడి 24న చేరిన కవరు వృథా. ఈమెయిల్లోనో ఫ్యాక్స్‌లోనో పంపితే, సంతకం ఉన్న అసలు కాగితం నాలుగు పనిదినాల్లో వారికి అందాలి.

2021లో వచ్చిన చట్టంతో ఇంకో అడుగు పెరిగింది. దరఖాస్తుమీదా, ఓటు పెట్టి పంపే కవరుమీదా మీ డ్రైవింగ్ లైసెన్స్ సంఖ్య గానీ సోషల్ సెక్యూరిటీ సంఖ్యలో చివరి నాలుగు అంకెలు గానీ రాయాలి, అది నమోదు రికార్డులో ఉన్న సంఖ్యతో సరిపోవాలి. ఎప్పుడో ఒక సంఖ్య ఇచ్చి నమోదైనవారు ఇప్పుడు ఇంకోటి రాస్తే కాగితం తిరస్కరణకు గురికావచ్చు. ఏది ఇచ్చారో గుర్తులేకపోతే రెండూ రాయడం క్షేమం. కవరులో ఆ అంకెలు రాసే గడి మూత మడత కింద ఉంటుంది, మూత అంటించేస్తే కనబడదు. మొదటిసారి పంపేవారు కవరును అంటించే ముందు మడత ఎత్తి చూడాలి.

నింపిన బ్యాలెట్ నవంబర్ 3 సాయంత్రం 7 గంటలకు కౌంటీకి చేరేలా పంపండి. 2024 ఎన్నికలో, పోలింగు రోజు ముద్ర ఉన్న కవర్లను మరునాడు సాయంత్రం 5 వరకు తీసుకున్నారు. ఆ ఒక్క రోజు వెసులుబాటును నమ్ముకుని పంపకండి. చేత్తో ఇవ్వాలనుకుంటే ఓటరు స్వయంగా, పోలింగు రోజునే, గుర్తింపు పత్రంతో కౌంటీ ఎన్నికల కార్యాలయానికి వెళ్లాలి. అమ్మానాన్నల కవర్లు రెండూ మీరే పట్టుకెళ్లి ఇస్తామంటే తీసుకోరు.

పోలింగు సమయంలో ఇండియాలో ఉండే పౌరులకు ఇంతకన్నా మంచి దారి ఉంది. ఫెడరల్ పోస్ట్‌కార్డ్ దరఖాస్తు పంపితే బ్యాలెట్‌ను ఈమెయిల్లో తెప్పించుకోవచ్చు. ఫెడరల్ చట్టం ప్రకారం విదేశాల్లో ఉన్న ఓటర్లకు బ్యాలెట్లు పోలింగుకు 45 రోజుల ముందే, ఈసారి సెప్టెంబర్ 19కల్లా, బయలుదేరాలి. ఆగస్టులోనే దరఖాస్తు పెట్టుకున్నవారికి ప్రింటు తీసి, నింపి, కొరియర్లో తిప్పి పంపడానికి నెలన్నర ఉంటుంది. విజయవాడనుంచి మామూలు పోస్టులో అక్టోబర్ ఆఖరున వేసిన కవరు సమయానికి చేరుతుందని నేనైతే నమ్మను.

పోటీ చేసేవారికి: గడువు పదకొండు నెలల ముందే

కౌంటీ పదవులకు పార్టీ తరఫున పోటీ చేయాలంటే ముందు ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ఎన్నికలో, నిలబడాలి. 2026 నవంబర్ ఎన్నికకు సంబంధించిన దరఖాస్తుల గడువు 2025 నవంబర్ 8న మొదలై డిసెంబర్ 8 సాయంత్రం 6 గంటలకు ముగిసింది. చట్టంలో ఉన్న లెక్క: బేసి సంవత్సరం డిసెంబర్‌లో రెండో సోమవారం. మార్చి 3న ప్రైమరీ, ఎవరికీ సగానికి మించి రాకపోతే మే 26న మొదటి ఇద్దరి మధ్య రనాఫ్. వేసవిలో ఉత్సాహం వచ్చి నిలబడదామనుకునేవారికి పార్టీ తలుపు అప్పటికి మూసుకుపోయి ఉంటుంది.

కౌంటీ పదవుల దరఖాస్తును ప్రభుత్వానికి కాదు, ఆ పార్టీ కౌంటీ ఛైర్‌కు ఇవ్వాలి. దానిమీద ప్రమాణ సంతకాన్ని నోటరీ ముందు చేయాలి. రెండు లక్షలకు మించి జనాభా ఉన్న కాలిన్ వంటి కౌంటీలో కౌంటీ జడ్జికైనా కమిషనర్‌కైనా రుసుము 1,250 డాలర్లు, జస్టిస్ ఆఫ్ ద పీస్‌కూ కానిస్టేబుల్‌కూ 1,000 డాలర్లు. రుసుముకు బదులు ఓటర్ల సంతకాలు ఇవ్వవచ్చు. గత గవర్నరు ఎన్నికలో ఆ పరిధిలో పోలైన ఓట్లలో 2 శాతమో 500 సంతకాలో, ఏది తక్కువైతే అది సేకరించాలి. చివరి రోజు సాయంత్రం అయిదున్నరకు నోటరీ లేని కాగితంతో వెళితే దాన్ని సరిదిద్దుకునే వ్యవధి మిగలదు. కనీసం వారం ముందు ఇచ్చి, ఛైర్ పరిశీలించినట్టు రాతపూర్వకంగా తీసుకోండి.

కౌంటీ జడ్జి అన్న పేరు చూసి అది న్యాయస్థానపు పదవి అనుకునేవారికోసం ఒక మాట. ఆయన కౌంటీ పాలకవర్గమైన కమిషనర్స్ కోర్టుకు అధ్యక్షుడు, మన జిల్లా పరిషత్ ఛైర్మన్‌కు కొంత దగ్గరగా ఉండే పదవి. నాలుగు ప్రెసింక్టులనుంచి నలుగురు కమిషనర్లు ఆ కోర్టులో ఉంటారు. గవర్నరు ఎన్నిక ఉన్న సంవత్సరంలో కౌంటీ జడ్జికీ 2, 4 ప్రెసింక్టుల కమిషనర్లకూ ఎన్నిక జరుగుతుంది. 1, 3 ప్రెసింక్టులకు అధ్యక్ష ఎన్నిక సంవత్సరంలో వస్తుంది.

స్వతంత్రులకు దారి వేరు. పార్టీలవారి గడువైన ఆ డిసెంబర్ 8కే తమ ఉద్దేశ ప్రకటన దాఖలు చేసి ఉండాలి. ప్రైమరీ అయ్యాక, ఆ పదవికి రనాఫ్ ఉంటే రనాఫ్ అయ్యాకే, సంతకాలు సేకరించాలి. 2026 జూన్ 25 సాయంత్రం 5 గంటలకు అవి అందాలి. ఇక్కడ పరిమితి 5 శాతమో 500 సంతకాలో, ఏది తక్కువైతే అది. ప్రైమరీలో ఓటు వేసినవారి సంతకం చెల్లదు. మనవాళ్ల అపార్ట్‌మెంట్లలో గంటలో యాభై సంతకాలు పెట్టించుకురావడం తేలిక, కానీ అందులో పౌరులెందరు, నమోదైన ఓటర్లెందరు, ఆ ప్రెసింక్టువారెందరు, ప్రైమరీకి వెళ్లనివారెందరు అని వడకడితే పదిహేను మిగలవచ్చు. 500 కావాలంటే 900 సేకరించండి. ప్రైమరీలో ఓడిపోయినవారు అదే పదవికి నవంబర్‌లో స్వతంత్రుడిగా దిగడానికి చట్టం ఒప్పుకోదు.

చివరి తలుపు రైట్-ఇన్ అభ్యర్థిత్వం. బ్యాలెట్‌మీద పేరు ఉండదు, ఓటరు చేత్తో రాయాలి లేదా యంత్రంలో టైపు చేయాలి. ముందే ప్రకటన దాఖలు చేసినవారి ఓట్లే లెక్కిస్తారు. దాని గడువు పోలింగుకు ముందు 78వ రోజు, ఆగస్టు 17 సాయంత్రం 5 గంటలు. ఎనిమిదేసి అక్షరాల ఇంటిపేర్లున్న మనవాళ్లకు ఈ దారి ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. పార్టీ అభ్యర్థి తప్పుకోదలిస్తే ఆగస్టు 21 చివరి రోజు. ఆ తర్వాత తప్పుకున్నా పేరు బ్యాలెట్‌మీదే ఉంటుంది.

డబ్బు గడువులు

దరఖాస్తుకన్నా ముందు నింపవలసిన కాగితం ఒకటి ఉంది. ప్రచార కోశాధికారి నియామక పత్రాన్ని కౌంటీలో దాఖలు చేయకుండా ఒక్క డాలరు తీసుకోకూడదు, ఖర్చు పెట్టకూడదు. స్నేహితుడి ఇంట్లో బిర్యానీ విందు పెట్టి చందాలు పోగుచేయడం మనవాళ్ల మొదటి అడుగు. ఆ విందుకు ముందే ఈ పత్రం వెళ్లి ఉండాలి.

విందుకు వచ్చినవారిలో ఎవరు ఇవ్వవచ్చో కూడా చూసుకోవాలి. పౌరులూ గ్రీన్‌కార్డు ఉన్నవారూ ఇవ్వవచ్చు. హెచ్‌-1బీ వంటి వీసాలమీద ఉన్నవారు కౌంటీ ఎన్నికకైనా సరే చందా ఇవ్వడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది, తీసుకోవడమూ నేరమే. కార్పొరేషన్ ఖాతానుంచి రాసిన చెక్కు తీసుకోకూడదు, సొంత కన్సల్టెన్సీ కంపెనీ అయినా అంతే. నగదు రూపంలో ఒకరినుంచి ఒక నివేదిక (చందాలు, ఖర్చుల లెక్క చూపే పత్రం) కాలంలో 100 డాలర్లకు మించి తీసుకోకూడదు. చెక్కు తెచ్చినవారిని వీసా గురించి అడగడానికి మొహమాటపడితే, ఆ మొహమాటానికి మూల్యం చెల్లించేది అభ్యర్థే.

నివేదికల తేదీలు ఇవి: జనవరి 15, జూలై 15 అర్ధవార్షిక నివేదికలకు. పోటీ ఉన్న అభ్యర్థులు పోలింగుకు 30 రోజుల ముందు ఒకటి, 8 రోజుల ముందు ఒకటి ఇవ్వాలి, అంటే ఈసారి అక్టోబర్ 5, అక్టోబర్ 26. ఓడిపోయినంతమాత్రాన నివేదికలు ఆగవు. తుది నివేదిక దాఖలు చేసేదాకా జనవరి, జూలై వస్తూనే ఉంటాయి.

2028లో నిలబడదలచినవారికి

అధ్యక్ష ఎన్నిక సంవత్సరం కాబట్టి 1, 3 ప్రెసింక్టుల కమిషనర్లు ఆ ఏడు బ్యాలెట్‌మీదికి వస్తారు. పోలింగు 2028 నవంబర్ 7న, ప్రైమరీ మార్చి 7న. దరఖాస్తుల గడువు 2027 డిసెంబర్ 13 సాయంత్రం 6 గంటలు. అభ్యర్థి ఆ గడువు నాటికి రాష్ట్రంలో 12 నెలలూ తాను పోటీ చేసే ప్రెసింక్టులో 6 నెలలూ ఎడతెగకుండా నివసించి ఉండాలి, ఆ ప్రెసింక్టులో నమోదైన ఓటరై ఉండాలి. ఎర్లీ ఓటింగ్ రోజులను మార్చే చట్టం 2025లో వచ్చింది కాబట్టి, నేను పైన చెప్పిన 17వ రోజు లెక్కను 2028కి వాడకండి. నివాసపు లెక్క మాత్రం అదే. ఫ్రిస్కోలో కొత్త ఇల్లు కొని, దాని ప్రెసింక్టునుంచి పోటీ చేయాలనుకునేవారికి మొదటి గడువు ఎన్నికల కార్యాలయంలో కాదు, బిల్డరు దగ్గర ఉంది: 2027 జూన్ 13కల్లా ఆ ఇంట్లో పాలు పొంగాలి.